డెత్ మెటల్ కచేరీకి పోయొచ్చిన తాత



ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తా ఉన్నాను. ఓపిక చేసుకుని చదవండి. సేలం–బెంగళూరు మీటర్ గేజి కబుర్లు రాసినప్పుడు చాలామంది బాగుందన్నారు. ఈసారి విషయం వేరే. డెత్ మెటల్ అనే సంగీతం గురించి.

మన సంఘం హాలును ఆదివారం మధ్యాహ్నాలు ఐదుగురు పిల్లలకు సాధన కోసం ఇవ్వాలని నేను కార్యవర్గానికి ఉత్తరం ఇచ్చిన సంగతి మీకు తెలుసు. దాని మీద వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాటలన్నీ చదివాను. "అది సంగీతమా, దయ్యం పట్టిన అరుపులా?" అని ఒకరు. "అదంతా మత్తుమందుల వ్యవహారం" అని ఒకరు. "తెలుగు సంఘానికీ దానికీ ఏం సంబంధం?" అని మరొకరు. మూడూ అడగదగిన ప్రశ్నలే. నాలుగు ముక్కల్లో జవాబు కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ కచేరీకి నేను స్వయంగా పోయి, మొదటి బ్యాండు నుంచి ఐదో బ్యాండు దాకా విని వచ్చినవాణ్ణి. చూసింది చూసినట్టు చెప్తాను.

ముందు, ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్పాలి.

నా పెద్ద కూతురి కొడుకు డిప్లొమా చదివి, సిప్కాట్‌లో ఒక విడిభాగాల కంపెనీలో ట్రైనీగా చేరాడు. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. పవర్ ప్రెస్ మీద పని. మన ఊళ్ళో ఆ యంత్రం తెలియని ఇల్లు తక్కువ. రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితేనే ప్రెస్ దిగాలి. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే లోపల వేలు ఉండదు కదా, అందుకు ఆ ఏర్పాటు. ఆ రోజు ఒక బటన్ను నొక్కినట్టే ఉండేలా కట్టిపెట్టి ఉన్నారు, పని తొందరగా సాగాలని. మావాడి ఎడమచేతి ఉంగరం వేలు మొదటి కణుపు దాకా పోయింది.

ఇది మా ఇంటికి మాత్రమే వచ్చిన కష్టం కాదు. హర్యానాలో మానేసర్, గుర్‌గావ్ వైపు వాహన విడిభాగాల కార్మికుల గాయాల మీద సేఫ్ ఇన్ ఇండియా అనే సంస్థ 2019 నుంచి నివేదికలు తెస్తోంది. వాటి పేరు 'క్రష్డ్', అంటే నలిగిపోయినవాళ్ళు. వాటిలో ఎక్కువ పోయేవి వేళ్ళే, ఎక్కువ పోయేది పవర్ ప్రెస్ దగ్గరే. మన హోసూరు టీకొట్ల దగ్గర గ్లాసు పట్టుకున్న చేతులు కొంచెం గమనించి చూడండి, నివేదిక అక్కర్లేదు.

మావాడు గిటార్ వాయించేవాడు. ఎడమచేతి వేళ్ళతో తీగలు నొక్కాలి కాబట్టి, అది మానేశాడు. గిటార్‌ను గుడ్డ సంచిలో వేసి బీరువా మీద పెట్టాడు. ఆరు నెలలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అన్నం తినేటప్పుడు కూడా ఆ చెయ్యి ఒళ్ళో దాచుకునేవాడు.

ఒకరోజు తనంతట తానే వచ్చి, "తాతా, బెంగళూరులో మెటల్ షో ఉంది. అయిదు బ్యాండ్లు. నువ్వొస్తావా? నువ్వొస్తే అమ్మ వద్దనదు," అన్నాడు. ఆరు నెలల తర్వాత నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక. "పోదాం పద నాయనా," అన్నాను. ఏ షో, ఏం సంగీతం అని అడగలేదు.

శనివారం మధ్యాహ్నం రైలెక్కి, సిటీలో దిగి, ఇందిరానగర్ వైపు ఆ హాలు చేరేసరికి అయిదైంది. గేటు దగ్గర వయసు చూసి చేతికి కాగితం పట్టీ కట్టారు. నా వయసు కార్డులో చూసి ఆ అబ్బాయి నవ్వి, నాకూ ఒకటి కట్టాడు. లోపల మూడు వందల మంది ఉంటారు. అందరిదీ నల్ల చొక్కా, నాది ఒక్కటే తెల్లది. చొక్కాల మీద బ్యాండ్ల పేర్లు ముళ్ళకంపలాగా, ఎండిన చెట్టు వేళ్ళలాగా రాసి ఉన్నాయి. రిజర్వేషన్ కౌంటర్లో కూర్చుని తమిళం, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు నాలుగింటిలో ఎంత కోడిగీతల దరఖాస్తులైనా చదివినవాణ్ణి నేను. అక్కడ ఒక్క పేరూ చదవలేకపోయాను. "చదవడానికి కాదు తాతా, గుర్తుపట్టడానికి," అన్నాడు మావాడు.

పోకముందే చెవులకు స్పాంజి బిరడాలు రెండు జతలు కొన్నాడు. నాకు దగ్గరుండి పెట్టాడు. ఇది గుర్తుంచుకోండి, తర్వాత మళ్ళీ చెప్తాను.

మొదటి బ్యాండు మొదలుపెట్టినప్పుడు శబ్దం చెవికి కాదు, రొమ్ముకు తగిలింది. గూడ్సు బండి ఆగకుండా స్టేషన్ దాటేటప్పుడు ప్లాట్‌ఫారం అంచున నిలబడితే కడుపులో అదురుతుందే, అట్లా. డ్రమ్స్ వాయించే అబ్బాయి రెండు కాళ్ళతో రెండు పెడళ్ళు తొక్కుతున్నాడు. నిమిషానికి రెండు వందలు దాటిన వేగంలో కూడా లయ తప్పదు. మన చంద్రచూడేశ్వరుని తేరు ముందు తప్పెట కొట్టేవాళ్ళు చేతులతో చేసే పని, ఇతను కాళ్ళతో చేస్తున్నాడు. గిటార్లు మామూలు శ్రుతికన్నా కిందికి దించి పెట్టుకుంటారట. అందుకే ఆ మోత అంత బరువుగా ఉంటుంది.

ఇక గొంతు. అది పాట కాదు, గర్జన. ఒక్క మాట అర్థం కాలేదు. భాష ఇంగ్లీషేనట! మూడో బ్యాండు గాయకుడు దిగి వచ్చి మా పక్కన నిలబడి వేడినీళ్ళు తాగుతున్నాడు. నేను మావాడితో తెలుగులో మాట్లాడడం విని, "నమస్కారం సార్, మాది కర్నూలు," అన్నాడు. అంతసేపు అట్లా గర్జించినవాడి మాట చాలా మెత్తగా ఉంది. "గొంతు పాడవదా బాబూ?" అని అడిగాను. "తెలియకుండా అరిస్తే పాడవుతుంది సార్. మామూలు స్వరతంత్రుల పైన ఇంకో జత మడతలు ఉంటాయి. వాటిని అదిలించి పలకాలి. ఊపిరి పొట్టలోంచి రావాలి. నేర్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది," అన్నాడు. తర్వాత చదివాను, మంగోలియా పక్కన ఉన్న తువా ప్రాంతపు జానపద గాయకులు కార్గిరా అనే పద్ధతిలో ఆ మడతలతోనే పాడతారట. కాబట్టి గ్రూపులో అడిగినవారికి నా మొదటి జవాబు: అరుపే, కానీ నేర్చుకున్న అరుపు.

స్టేజి ముందు పిల్లలు గుండ్రంగా తిరుగుతూ ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. చూడగానే కొట్లాట అనిపిస్తుంది. మన కృష్ణగిరి పల్లెల్లో ఎద్దుల పండగ చూసినవాళ్ళకు అర్థమవుతుంది. ఎద్దు వచ్చేటప్పుడు జనం రెండుగా చీలి, వెళ్ళగానే మళ్ళీ మీద పడతారే, అట్లా. ఇక్కడ ఎద్దు లేదు, అంతే తేడా. ఒకడు కింద పడ్డాడు. నేను భయపడి లేచి నిలబడ్డాను. రెండు సెకన్లు కాలేదు, నాలుగు చేతులు వాణ్ణి లేపేశాయి. పడినవాణ్ణి లేపకుండా ఎవరూ ముందుకు పోరట, అది అక్కడి నియమం. ఇంకొకడు నేల మీద దొరికిన కళ్ళద్దాలను చెయ్యెత్తి పట్టుకుని, సొంతదారు వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు. చుట్టూ అంత గందరగోళంలో కూడా.

మావాడు ఆ గుంపులోకి పోలేదు. రెండో బ్యాండు నుంచి స్టేజికి కుడి పక్కన నిలబడి గిటారిస్టు ఎడమచేతినే చూస్తున్నాడు. నాలుగో బ్యాండు నాకు వట్టి మోతగానే వినిపించింది, తలనొప్పి వచ్చింది. సౌండ్ మిక్సర్ దగ్గర ఎవరో కుర్చీ ఇస్తే కూర్చున్నాను. అక్కడి నుంచి మావాణ్ణి చూశాను. ఎడమచెయ్యి జేబులో లేదు. ఐదు వేళ్ళూ తొడ మీద పెట్టుకుని, పొట్టిదైన వేలుతో సహా, తాళంతో పాటు నొక్కుతున్నాడు.

రాత్రి సిల్క్ బోర్డు దగ్గర బస్సు కోసం నిలబడినప్పుడు మావాడు ఒక కథ చెప్పాడు. తర్వాత నేనూ చదివి సరిచూసుకున్నాను.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అని పెద్ద పారిశ్రామిక నగరం. అక్కడ 1948లో పుట్టిన టోనీ అయోమీ అనే కుర్రవాడు పదిహేడేళ్ళ వయసులో రేకుల కర్మాగారంలో పని చేసేవాడు. సంగీతంలోకి పోదామని ఉద్యోగం మానేశాడు. ఆ చివరి రోజే యంత్రంలో కుడిచేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతివాటం మనిషి, తీగలు నొక్కేది కుడిచేతితోనే. ఇక వాయించలేవన్నారు. అప్పుడు ఆ కర్మాగారపు మేనేజరు ఒక రికార్డు తెచ్చి ఇచ్చాడు. జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టుది. ఆయన అగ్నిప్రమాదంలో చెయ్యి కాలి, రెండు వేళ్ళతోనే వాయించి జగత్ప్రసిద్ధి పొందినవాడు.

అయోమీ గిన్నెలు కడిగే సబ్బుద్రావణం సీసా ప్లాస్టిక్కును కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. జారకుండా పాత జాకెట్టు తోలు ముక్క అంటించాడు. గట్టి తీగలు నొక్కితే నొప్పి కాబట్టి సన్నవి వేసుకున్నాడు. తర్వాత శ్రుతి కూడా దించి తీగలను వదులు చేశాడు. శ్రుతి దిగేసరికి ఆ ధ్వనికి ఇంకా బరువు వచ్చింది. అతని బ్యాండు బ్లాక్ సబాత్. మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. హెవీ మెటల్ అక్కడే పుట్టిందని ఎక్కువమంది చెప్తారు. డెత్ మెటల్, బ్లాక్ మెటల్ అని తర్వాత వచ్చిన తీవ్రమైన రకాలన్నీ ఆ చెట్టు కొమ్మలే. ఆ బ్యాండు గాయకుడు ఓజీ ఆస్బోర్న్ కూడా కుర్రతనంలో కార్ల హారన్లు సరిచూసే ఫ్యాక్టరీ పని చేసినవాడే. 2025 జులై 5న ఆ నలుగురూ తమ ఊళ్ళోనే చివరి కచేరీ చేశారు. పదిహేడు రోజులకు ఓజీ పోయాడు.

ఫ్యాక్టరీ ఊరు, రేకుల పని, తెగిన వేలు, హారన్లు. ఇది ఇంగ్లండు కథా, హోసూరు కథా? లోహం పేరు పెట్టుకున్న ఈ సంగీతం లోహంతో పని చేసేవాళ్ళ ఇళ్ళలోంచే వచ్చింది. మన పిల్లలు ఎక్కడి గాలో తెచ్చుకున్నారని అనుకోవడం కంటే, వాళ్ళ షిఫ్టులో వినిపించే మోతనే వాళ్ళు తాళంలో పెట్టుకున్నారని నేననుకుంటాను.

ఇది మన పక్కనే చాలా కాలంగా ఉన్న సంగతి కూడా. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ వాయించింది. 2011 అక్టోబరు 30న మెటాలికా వచ్చింది. 2012లో బెంగళూరు ఓపెన్ ఎయిర్ అని ఈ సంగీతానికే ఒక పండగ మొదలైంది, ఆ మొదటిసారి జర్మనీ నుంచి క్రియేటర్ వచ్చింది. బెంగళూరులో 1998లో పుట్టిన క్రిప్టోస్ అనే బ్యాండు 2013లో జర్మనీలోని వాకెన్‌లో వాయించింది. వాకెన్ ఒక చిన్న పల్లెటూరు. 1990 నుంచి మెటల్ జాతర చేసి లోకమంతా పేరు తెచ్చుకుంది. మన హైదరాబాదులోనూ ఒక డెత్ మెటల్ బ్యాండు ఉంది. దాని పేరు గాడ్‌లెస్. పేరు చూసి కోప్పడకండి, 2021లో వాళ్ళు తెచ్చిన ఆల్బమ్‌ను ఈ రకం వినేవాళ్ళు చాలా మెచ్చుకుంటారు.

దేవుడి మాట వచ్చింది కాబట్టి దయ్యాల ప్రశ్నకు వస్తాను. చొక్కాల మీద పుర్రెలు, నెత్తురు, శవాలు ఉన్నమాట నిజమే. నాకూ కొన్ని అసహ్యంగానే అనిపించాయి. కానీ మన ఊళ్ళ ద్రౌపదమ్మ తిరునాళ్ళు ఒకసారి తలుచుకోండి. రాత్రుళ్ళు భారతం ఆడి, చివరి రోజు మట్టితో ఆరేడు మనుషుల పొడుగు దుర్యోధనుణ్ణి నేల మీద పడుకోబెడతాం. భీముడు తొడ పగలగొడతాడు, ద్రౌపది ఆ నెత్తురు జుట్టుకు రాసుకుని ముడి వేస్తుంది. చంటిపిల్లల్ని చంకన వేసుకుని పోయి చూస్తాం. కాళమ్మ మెడలో పుర్రెల దండకు మొక్కుతాం. హిరణ్యకశిపుని పేగులు మెళ్ళో వేసుకున్న నరసింహుడు ఇంటింటా పటంలో ఉన్నాడు. భయంకరమైనదాన్ని ఎదురుగా పెట్టుకుని చూడడం మనకు కొత్త కాదు.

ఆ పిల్లలకూ ఈ చుట్టరికం తెలుసు. ముంబైలో 2000లో మొదలైన డెమోనిక్ రిసరెక్షన్ అనే బ్యాండు 2017లో 'దశావతార్' అని ఆల్బమ్ చేసింది. మత్స్యం నుంచి కల్కి దాకా అవతారానికో పాట. సింగపూరులో మనవాళ్ళు 1992లో పెట్టిన రుద్ర అనే బ్యాండు ఇదే గర్జనలో సంస్కృత శ్లోకాలు, వేదాంతం చెప్తుంది. 'కురుక్షేత్ర' వాళ్ళ ఆల్బమే.

ఇక బాగాలేనిదీ చెప్పాలి. లోపల బీరు అమ్ముతారు. తాగి తూలినవాళ్ళను ఇద్దరు ముగ్గురిని చూశాను, మన పెళ్ళిళ్ళలో కనిపించేవాళ్ళ కంటే ఎక్కువ లేరు. మత్తుమందులు నా కంటికి కనపడలేదు. ఒక్క రాత్రి చూసి అన్ని చోట్లకూ నేను హామీ ఇవ్వలేను.

అసలు ప్రమాదం చెవులకు. నా ఫోనులో కొలిచి చూస్తే వంద డెసిబెల్స్ దాటింది. ఎనభై అయిదు డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండవచ్చు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది అని అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ లెక్క. అంటే వంద దగ్గర పదిహేను నిమిషాలే. కచేరీల్లో సగటు శబ్దం వంద దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో చెప్పింది. పోయిన వినికిడి తిరిగి రాదు. వారమంతా ప్రెస్ షాపు మోతలో ఉండే పిల్లలకు ఇది రెండింతలు ముఖ్యం. మీ పిల్లలు ఇట్లాంటి కచేరీకి పోతామంటే, పోవద్దని పోట్లాడే ముందు ఒక జత చెవి బిరడాలు కొనివ్వండి.

మిగిలింది మూడో ప్రశ్న. తెలుగు సంఘానికి ఏం సంబంధం? ఆ ఐదుగురిలో తెలుగు ఇళ్ళవాళ్ళు ఇద్దరు. ఒకడు కన్నడం, ఒకడు తమిళం, కృష్ణగిరి నుంచి వచ్చేవాడి ఇంట్లో ఉర్దూ. పాటలు ఇంగ్లీషులో రాసుకుంటారు. "కనీసం తెలుగులో పాడాలని షరతు పెట్టండి" అని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. ఆయన మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆ షరతు వద్దు. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు మా అమ్మ గోడ మీద బొగ్గుతో రాసి నేర్పింది, ఎవరూ ఆజ్ఞ వేయలేదు. 2006 చట్టం తర్వాత మన బడుల్లో ఏమేం చూశామో, ఎన్ని అర్జీలు పెట్టుకున్నామో అందరికీ తెలుసు. భాషను షరతుగా పెడితే పిల్లల మనసుకు ఎట్లా ఉంటుందో హోసూరు వాళ్ళకు ఇంకొకరు చెప్పాలా? గోడల మీద మన కవుల పటాలు ఉన్న హాల్లో ప్రతి ఆదివారం మూడు గంటలు ఉంటే, తెలుగు ఏదో ఒక దారిన వాళ్ళ చెవిన పడుతుంది. రాకుండా తాళం వేస్తే ఏ దారీ ఉండదు.

మన సంక్రాంతి సభకు ముప్ఫై ఏళ్ళ లోపువాళ్ళు ఎంతమంది వచ్చారో సంతకాల పుస్తకంలో నేనే లెక్కపెట్టాను. పదకొండు మంది.

మావాడి గురించి అడుగుతారు కాబట్టి చెప్తాను. షాంపూ సీసా ముక్క వేడిచేసి తొడుగు చేసుకున్నాడు, మొదటిది పగిలింది. రెండోది తీగ మీద జారి కీచుమంటుంది. ఇప్పుడు నా పాత చెప్పు తోలు అంటించి చూస్తున్నాడు. వాయిస్తాడా లేదా నాకు తెలీదు. మళ్ళీ పనిలో కూడా చేరాడు, వేరే కంపెనీలో, తనిఖీ విభాగంలో. గిటార్ మాత్రం బీరువా మీద లేదు.

వచ్చే కార్యవర్గ సమావేశంలో ఓటుకు వచ్చే ప్రతిపాదన ఇది: ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా హాలు. కిటికీలు మూసి వాయించాలి. పరీక్షల నెలల్లో సాధన లేదు. కరెంటు ఖర్చు వాళ్ళది. పోయేటప్పుడు హాలు ఊడ్చి, కుర్చీలు సర్ది పోవాలి. తాళం నా దగ్గర ఉంటుంది, అక్కడ ఉండే పెద్దమనిషిని నేనే. మూడు నెలలు చూసి, ఇబ్బంది ఉంటే ఆపేద్దాం. పక్కింటివాళ్ళతో నేను మాట్లాడాను, ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత వద్దన్నారు, ఒప్పుకున్నాను.

వ్యతిరేకంగా ఓటు వేయాలనుకునేవాళ్ళు ముందు ఒక ఆదివారం వచ్చి ఒక పాట వినండి. ఒక్కటి చాలు. చెవి బిరడాలు నా జేబులో ఉంటాయి, కొత్త జతలే.

ఇట్లు,
మీ రైల్వే తాత, హోసూరు